ఐదు స్థానాలు

నీళ్ల ట్యాంకరు నాది.
ఇబ్రి దాటి, తారు అయిపోయినంక
ఇంకో ముప్పై కిలోమీటర్లు ఇసుకల,
మేకల దొడ్లకు, ఖర్జూరం తోటలకు
వారానికి నాలుగు ట్రిప్పులు.

అందుకే పట్టుకున్నది నన్ను షంసా మేడం.
ఆమె పటంల చుక్కలన్నీ రోడ్డెంబడే ఉన్నయి,
దారానికి గుచ్చినట్టు.
"బల్లులకు రోడ్డంటె అంత ఇష్టమా?" అన్న.
"బల్లులకు కాదు, నా కారుకు" అన్నది.
ఆమె అరబ్బీ, నా హిందీ,
అర్థంగాని కాడ చేతులు.

అప్పటిసంది డ్యాష్‌బోర్డు మీద నోటుబుక్కు.
తేదీ, టైము, ఫోను చూపించే రెండు పొడుగు అంకెలు.
చుక్క తర్వాత ఐదు స్థానాలు రాయాలె,
నాలుగుతోని ఆపితె
పాము పది మీటర్లు జరుగుతదట.
బతికున్నదా, చచ్చిందా?
చచ్చినా లెక్కే.
టైరు కింద చదునైన తొండ గూడ
యాడ బతికిందో చెప్పే పోతది.

మోటరు గదిల ఓ రాత్రి సాలీడు.
కాళ్లు లెక్కబెడితె పది తేలినయి.
మళ్ల లెక్కబెట్టిన. పదే.
"ముందటి రెండు కాళ్లు కావు" అన్నది మేడం,
"ఒంటె సాలీడంటరు,
ఒంటెకు సుట్టం కాదు, సాలీడుకూ కాదు."
పేరు పెట్టినోడు దూరంనుంచి చూసి ఉరికి ఉంటడు.

కొమ్ముల పాము దొరికిన దినం
ఇసుకకు కండ్లు మొలిచినట్టుండె.
ఫొటోల కొలతకు ఏదన్న పెట్టాలె గద,
చెప్పు ఇసిరిన.
ఫొటో మంచిగచ్చింది.
చెప్పు మాత్రం ఇంకా ఆడనే ఉన్నది,
ఐదు స్థానాలతోని సహా నాకు తెలుసు.

రాజలింగు క్యాంపుల నవ్వుతడు,
"ఓవర్‌టైము లెక్క రాదుగని
బల్లుల లెక్క చేస్తున్నడు" అని.
నవ్వినోడే మొన్న మంచం కిందికెల్లి
డబ్బాల పట్టి తెచ్చిండు పారదర్శకం లాంటి ఓ బల్లిపిల్లను,
మూతకు మేకుతోని బొక్కలు పొడిచి.

ఇగ నర్సరీ సంగతి.
రఫీకుల్ కుండీ తిరగేస్తె జారిపడ్డది,
నల్లగ, బూటు లేసంత.
వానపాము అన్నడు.
వానపాముకు నాలుకుంటదా?
మా దిక్కు తానాల గది తూము కాడ కనపడేదే,
గుడ్డిపాము. చెవుల దూరుతదని
మా నాయినమ్మ దూది పెట్టి పండవెట్టేది.
ఇన్నేండ్లకు ఈడ కలిసింది.

మేడం భూతద్దంల పొలుసులు లెక్కబెట్టింది.
"మీ దేశపుదే. మొక్కల మట్టిల అచ్చింది.
వీటిల మొగదే ఉండది,
ఒక్కతి అస్తె సాలు, సంసారం నిలబెడతది."
ఫారంల గడి: స్థానికమా, బయటిదా?

ఎన్నేండ్లుంటె స్థానికమైతది మేడం?

పెన్ను మూత పెట్టింది. మళ్ల తీసింది.
"అయితదో కాదో. చుక్క రంగు వేరే పెడత" అన్నది.
నేను పందొమ్మిదేండ్లకెల్లి ఉన్న,
రెండేండ్లకో ముద్ర.
ఆ మాట అనలే.
కుండీల మట్టి మళ్ల నింపిండు రఫీకుల్.

నిన్న రాత్రి కొండ కాలువ కాడ
ఇంజను బంజేస్తె గోదురుకప్ప.
లైటేస్తె ఆగుతది, ఆర్పితె ఒర్రుతది.
ఎంత ఎతికినా రాళ్లే.
ఫోన్ల ఎక్కించి మేడంకు పంపబోయిన,
నిద్రమబ్బుల వేలు జారి
భూలక్ష్మికి పోయింది.
వెంటనే ఫోను చేసింది.
"ఆడ వాన పడ్డదా?"
లేదన్న.
"మరెందుకు ఒర్రుతుంది?"
ఏమో అన్న. కొద్దిసేపు ఇద్దరం ఇన్నం.

ఫారం నింపిన.
చూసిండ్రా: లేదు.
ఇన్నరా: అవును.
నమ్మకం: ముప్పావు.
ఎంతమంది: ఇద్దరు.
రెండో మనిషి ఉన్న చోటుకు
ఐదు స్థానాలు అడిగితె
ఈ ఫోను చెప్పది,
నేను నిలవడ్డదే చూపిస్తది.
గడి ఖాళీగ ఇడిచిన.